నిద్రపోని డబ్బాల గుట్టు విప్పిన పనిముట్టు: పవర్ ప్రొఫైలర్ కిట్ 2 సమీక్ష

నార్పల దగ్గర మా మామగారికి ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. ఒక్క బోరు మీద నడిచే తోట కాబట్టి, ఏ వరుసకు ఎప్పుడు డ్రిప్పు వదలాలో తెలియడం కోసం నేల తేమను కొలిచి రేడియో ద్వారా కబురు పంపే చిన్న పెట్టెలను నేనే తయారుచేసి ఆరు చోట్ల అమర్చాను. ఒక్కొక్క పెట్టెలో పనులన్నీ నడిపించే చిప్ అయిన ఒక మైక్రోకంట్రోలరు, తక్కువ కరెంటుతో చాలా దూరం కబురు పంపే, 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే లోరా రేడియో, కెపాసిటివ్ తేమ సెన్సారు, పారిన నీటిని లెక్కపెట్టే చిన్న మీటరు, 2,600 మిల్లీ ఆంపియర్ అవర్ల 18650 రకం లిథియం బ్యాటరీ ఉన్నాయి. అరగంటకొకసారి మేల్కొని, తేమ కొలిచి, 20 బైట్లు పంపి, మళ్ళీ నిద్రపోవడమే, అంటే కరెంటు దాదాపు వాడకుండా ఉండడమే, వాటి పని. కాగితం మీద వేసిన లెక్క ప్రకారం ఏళ్ళ తరబడి నడవవలసిన ఆ పెట్టెలు రెండు వారాలకే ఆగిపోయేవి. "నీ డబ్బాలు మళ్ళీ పండుకున్యాయి అల్లుడూ" అని మామ ఫోన్ చేసేవారు. అవి పండుకోకపోవడమే అసలు జబ్బని నాకు తెలిసింది ఈ పనిముట్టు చేతికొచ్చిన తరువాతనే.

పవర్ ప్రొఫైలర్ కిట్ 2 నార్వే దేశపు నార్డిక్ సెమీకండక్టర్ సంస్థ తయారుచేసే చిన్న బోర్డు. ఆ సంస్థ బ్లూటూత్ చిప్‌లకు పేరుపొందినదే అయినా, ఈ పరికరంతో ఎవరి చిప్ ఉన్న బోర్డునైనా కొలవవచ్చు. దీనికి సొంత తెర లేదు. కంప్యూటరుకు యూఎస్‌బీతో తగిలించి, ఆ సంస్థ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో కరెంటు గ్రాఫును చూడాలి. రెండు విధాలుగా వాడుకోవచ్చు: 0.8 నుంచి 5 వోల్టుల దాకా మనం కోరిన వోల్టేజీని మన బోర్డుకు తానే అందిస్తూ కొలవడం ఒకటి, బయటి బ్యాటరీకి బోర్డుకు నడుమ కూర్చుని కొలవడం మరొకటి. 200 నానో ఆంపియర్ల నుంచి 1 ఆంపియరు వరకు, సెకనుకు లక్ష సార్లు కొలుస్తుంది. దిగుమతి ఖర్చులతో కలిపి నాకు దాదాపు పది వేల రూపాయలు పడింది.

ఇంట్లో మల్టీమీటరు ఉండగా ఇంత ఖర్చు ఎందుకని నేనూ మొదట తటపటాయించాను. మల్టీమీటరును మైక్రో ఆంపియర్ల స్థాయిలో పెట్టినప్పుడు దానిలోపల వంద ఓమ్‌లో, అంతకంటె ఎక్కువో నిరోధం కరెంటు దారికి అడ్డంగా ఉంటుంది. పరికరం నిద్రలో ఉన్నంతసేపు దానివల్ల ఇబ్బంది లేదు కాని, మేల్కొని పది మిల్లీ ఆంపియర్లు లాగీ లాగగానే ఆ నిరోధం మీదే ఒక వోల్టు పోతుంది. రేడియో పూర్తి శక్తితో పంపేటప్పుడు తీసుకునే 120 మిల్లీ ఆంపియర్లు ఆ దారిన రావడం అసాధ్యం కాబట్టి బోర్డు రీసెట్ అయి మళ్ళీ మొదటికి వస్తుంది. పై స్థాయికి మారిస్తే నిద్రలోని కరెంటు అంకెల్లో కనపడదు. పైగా సెకనుకు నాలుగైదు సార్లు మాత్రమే అంకె మార్చే మీటరుకు యాభై మిల్లీ సెకన్ల ప్రసారం కంటబడదు. నార్డిక్ పరికరం ఈ స్థాయిలను తనంతట తానే క్షణంలో మార్చుకుంటుంది కాబట్టి, నిద్రలోని మైక్రో ఆంపియర్లూ ప్రసారంలోని శిఖరమూ ఒకే గ్రాఫులో కనిపిస్తాయి.

కమలానగర్‌లోని మా గదిలో మొదటి పెట్టెను తగిలించగానే నిద్రలో 6.3 మిల్లీ ఆంపియర్లు కనపడింది. 2,600ను 6.3తో భాగిస్తే సుమారు 410 గంటలు, అంటే పదిహేడు రోజులు. మామ ఫోన్లకు ఇంతకంటె సూటి జవాబు ఉండదు. అందులో 5 మిల్లీ ఆంపియర్ల దాకా బ్యాటరీ వోల్టేజీని తగ్గించి చిప్‌కు నిలకడగా అందించే, బోర్డు మీది 1117 తరహా వోల్టేజీ రెగ్యులేటరు ఊరకే తాగుతోంది, మిగిలినదంతా దాదాపు ఎర్రటి పవర్ ఎల్‌ఈడీది. ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన ఆ బోర్డును అమ్మినవారు దాని పేరు పక్కన "లో పవర్" అని రాసుకున్నారు. ఆ రెగ్యులేటరు డేటాషీటును (తయారీదారు ఇచ్చే వివరాల పత్రాన్ని) ఒక్కసారి చూసినవారెవరూ ఆ మాట రాయరు. ఆ తరహా రెగ్యులేటరుకు లోపలికి వచ్చే వోల్టేజీ, బయటికి ఇచ్చేదానికంటె ఒక వోల్టు పైగా ఎక్కువ ఉండాలి కాబట్టి, బ్యాటరీలోని అడుగు భాగం కూడా మనకు దక్కదు. దాన్ని పీకి, తనకోసం కొద్ది మైక్రో ఆంపియర్లు మాత్రమే వాడుకునే రెగ్యులేటరును అతికి, ఎల్‌ఈడీని తీసివేశాను.

అసలు చిక్కు ఆ తరువాత మొదలయింది. ఆరు పెట్టెలనూ అదే విధంగా మార్చి చూస్తే, నాలుగింటిలో నిద్ర కరెంటు ముప్పై మైక్రో ఆంపియర్ల చుట్టుపక్కల, రెండింటిలో మాత్రం 360 దగ్గర ఆగింది. ప్రోగ్రాములో తేడా లేదు, బోర్డులో తేడా లేదు. మరునాడు కొలిస్తే 360 చూపిన పెట్టెల్లో ఒకటి ముప్పైకి దిగింది. కారణం నీటి మీటరులో ఉందని గ్రాఫు చూస్తూ మీటరు చక్రాన్ని వేలితో తిప్పినప్పుడు బయటపడింది. చక్రం మీది అయస్కాంతం సరిగ్గా రీడ్ స్విచ్చు (అయస్కాంతం దగ్గరికి వస్తే మూసుకునే స్విచ్చు) ఎదుట ఆగితే స్విచ్చు మూసుకుపోయి, దాన్ని సరఫరా వోల్టేజీకి కలిపే పది కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టరు గుండా 330 మైక్రో ఆంపియర్లు రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటాయి. నీళ్ళు ఆగిన క్షణంలో చక్రం ఎక్కడ నిలిచిందన్న దాని మీద బ్యాటరీ ఆయుష్షు ఆధారపడుతోందన్నమాట! ఒక మెగా ఓమ్ రెసిస్టరు పెడితే ఆ నష్టం 3.3కు తగ్గింది. బ్యాటరీ మట్టం చదవడానికి పెట్టిన, ఒక్కొక్కటి వంద కిలో ఓమ్‌లుండే రెండు రెసిస్టర్ల జత మరో 21 తీసుకుంటోంది. వాటినీ మెగా ఓమ్‌లకు మార్చి ఒక చిన్న కెపాసిటరు తగిలించాను. చివరికి నిద్ర 9 మైక్రో ఆంపియర్లకు దిగింది.

ఈ పరికరంలో నాకు అన్నింటికంటె ఉపయోగపడినది, గ్రాఫులో ఒక భాగాన్ని మౌసుతో ఎంచుకుంటే అందులో ఖర్చయిన చార్జిని కూలూంబుల్లో (ఒక ఆంపియరు ఒక సెకను పారితే ఒక కూలూంబు) చూపించే సౌకర్యం. రేడియో ప్రసారం కొండలా కనపడుతుంది కాబట్టి ఖర్చంతా అక్కడే అని నా నమ్మకం. ఎంచుకుని చూస్తే ప్రసారానికి 7 మిల్లీ కూలూంబులు, దానికి ముందున్న చదునైన మెట్టుకు 26. ఆ మెట్టు, సెన్సారు కుదురుకోవడానికి ప్రోగ్రాములో నేను అలవాటుగా రాసిన రెండు సెకన్ల నిరీక్షణ! ఆ రెండు సెకన్లూ సెన్సారు, చిప్ కలిసి 13 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటూ కూర్చుంటున్నాయి. నిజానికి సెన్సారుకు 150 మిల్లీ సెకన్లు చాలునని కొలిచి తేల్చుకున్నాక ఆ మెట్టు ఖర్చు 2 మిల్లీ కూలూంబులకు తగ్గింది. దీనికి ఎనిమిది డిజిటల్ ఇన్‌పుట్లు కూడా ఉన్నాయి. ప్రోగ్రాములో ఏ పని మొదలయినప్పుడు ఏ పిన్ను పైకి లేవాలో రాసుకుంటే, గ్రాఫు కింద ఆ గుర్తులు పడి ఏ మెట్టు ఏ పనిదో ఊహించే అవసరం ఉండదు.

తోట చివరి మూలలో ఉన్న పెట్టె సంగతి వేరు. అది అన్ని పెట్టెల కబుర్లనూ అందుకునే గేట్‌వేకు అందక స్ప్రెడింగ్ ఫ్యాక్టరు 12లో పంపుతోంది. ఈ అంకె పెరిగేకొద్దీ లోరా కబురు ఎక్కువ దూరం పోతుంది కాని నెమ్మదిగా పోతుంది. 7లో దాదాపు 57 మిల్లీ సెకన్లలో ముగిసే 20 బైట్ల ప్రసారానికి 12లో 1.3 సెకన్లు పడుతుంది; ఖర్చు ఇరవై రెట్లు దాటుతుంది. దీనికి బోర్డులో మందు లేదు. గేట్‌వేను మోటారు గది నుంచి నీళ్ళ ట్యాంకు పైకి మార్చాక ఆ పెట్టె కూడా 7కు వచ్చింది.

ఇప్పుడు లెక్క ప్రకారం ఒక్కో పెట్టె రోజుకు 0.34 మిల్లీ ఆంపియర్ అవర్లు ఖర్చు చేస్తోంది, అంటే బ్యాటరీ ఇరవై ఏళ్ళు రావాలి. అటువంటి అంకెను నమ్మేవారు అనంతపురం మే నెలను చూడనివారే అయి ఉండాలి. బ్యాటరీ తనలో తాను కోల్పోయేది, నలభై డిగ్రీలు దాటిన ఎండలో మూసిన పెట్టె లోపలి వేడి, ఈ రెండూ అంతకు చాలా ముందే పని ముగిస్తాయి. ఫ్యాను కింద 9 చూపిన బోర్డును మధ్యాహ్నం మేడ మీద ఉంచి కొలిస్తే 14 చూపింది. వేడికి చిప్‌లలో లీకేజీ పెరగడం మామూలే. కొలతను గదిలోనే ముగించుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పరికరానికి హద్దులూ ఉన్నాయి. వోల్టేజీని తానే ఇచ్చే పద్ధతిలో అది గట్టి సరఫరాగానే ప్రవర్తిస్తుంది, బ్యాటరీ లోపలి నిరోధాన్ని అనుకరించదు. అందువల్ల నాణెం ఆకారపు సీఆర్2032 మీద నడిచే పరికరం ప్రసారం వేళ వోల్టేజీ పడిపోయి ఆగిపోతుందేమో ఇందులో తెలియదు. దానికి అసలు బ్యాటరీనే పెట్టి, మధ్యన కూర్చుని కొలిచే పద్ధతిని వాడాలి. కొన్ని చిప్‌ల గాఢనిద్ర 300 నానో ఆంపియర్ల దగ్గర ఉంటుంది, అది దీని కింది హద్దుకు బాగా దగ్గర కాబట్టి అక్కడ చూపే అంకెను ఉజ్జాయింపుగానే తీసుకుంటాను. లాప్‌టాప్ లేనిదే పనిచేయదు కాబట్టి తోటలో చెట్టు కింద కూర్చుని వాడడానికి అనువుగా ఉండదు. సెకనుకు లక్ష చొప్పున గంటల తరబడి నమోదు చేస్తే ఫైలు విపరీతంగా పెరుగుతుంది. రాత్రంతా కొలవాలంటే వేగం తగ్గించుకోవాలి.

సొంతంగా బోర్డులు చేసేవారికి, ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలలకు పది వేలు దండుగ కాదని నా అభిప్రాయం. తయారైన సెన్సార్లు కొని పాతుకునే రైతుకు దీనితో పని లేదు. ఆయన అమ్మేవారిని నిద్ర కరెంటు ఎంతో అడిగితే చాలు, మైక్రో ఆంపియర్లలో జవాబు రాకపోతే మరో దుకాణం చూసుకోవచ్చు. మార్చిన పెట్టెలు పాతి ఎనిమిది నెలలయింది. మామ ఫోన్లు ఇప్పుడు చీనీ ధర గురించే వస్తున్నాయి.