మంగు మచ్చలకని అమ్ముతున్న పేరులేని నైట్ క్రీముతో జాగ్రత్త

మంగు మచ్చలు పోతాయంటూ చిన్న తెల్ల డబ్బాల్లో అమ్ముతున్న నైట్ క్రీమును కొనాలనుకుంటున్నవారు, ఇప్పటికే కొని వాడుతున్నవారు దయచేసి దీన్ని పూర్తిగా చదవండి. నా ముఖానికి జరిగిన హాని మరొకరికి జరగకూడదనే రాస్తున్నాను.

రెండో కాన్పు తర్వాత నా రెండు చెంపల మీద, ముక్కు మీద మంగు వచ్చింది. జాజికాయను పాలలో అరగదీసి పట్టించడం మొదలుకొని పెద్దవాళ్లు చెప్పినవన్నీ చేశాను. మొన్న మాఘమాసంలో మా ఆడపడుచు పెళ్లి కుదరడంతో, ఆలోగానైనా మచ్చలు తగ్గాలన్న ఆశతో, మా కాలనీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ అమ్ముతున్న క్రీమును 450 రూపాయలకు తెప్పించుకున్నాను. బంగారు రంగు మూత, లోపల లేత పసుపు రంగు క్రీము, ఘాటైన మల్లెపూల వాసన. 'మూలికలతో తయారైనది' అన్న స్టిక్కరు తప్ప తయారీదారు పేరుగానీ, లైసెన్సు నంబరుగానీ, బ్యాచ్ నంబరుగానీ, అందులో ఏమేం కలిపారన్న వివరంగానీ డబ్బా మీద ఎక్కడా లేవు. డబ్బు ఫోనులో పంపాను, బిల్లు అడగలేదు.

అయినా నేరుగా ముఖానికి పూసుకోలేదు. మొదట మోచేతి మడతలో, తర్వాత చెవి వెనక మూడు రాత్రులు రాసి చూశాను. మంట లేదు, దద్దురు లేదు. పైగా చెవి వెనక ఎప్పటినుంచో ఉన్న దురద కూడా తగ్గిపోయింది. ఆ తగ్గడమే క్రీము మంచిదనడానికి రుజువని నమ్మాను. పది రోజులకే మచ్చలు సగం పలచబడ్డాయి, చర్మం నున్నగా మెరిసింది. చూసినవాళ్లంతా అడిగితే నేనే మరో ఇద్దరికి ఆవిడ నంబరు ఇచ్చాను. ఆ ఇద్దరిలో ఒకరు మా తోడికోడలు. ఆ డబ్బాను ఇంటర్ చదువుతున్న ఆమె కూతురు మొటిమలకు రాసుకుంటోందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండున్నర నెలలు వాడి, పెళ్లి అయిపోయాక మానేశాను. మూడో రోజు పొద్దున పొయ్యి దగ్గర నిలబడితే ముఖానికి కారం పూసినట్టు మండింది. వారం తిరిగేసరికి చెంపలు ఎర్రగా కందిపోయి, చీము పొక్కులు లేచాయి. గడ్డం మీద నూగు వెంట్రుకలు పెరిగాయి. మంగు మునుపటికంటే నల్లగా తిరిగి వచ్చింది. ఫోను చేస్తే, 'లోపలి మలినం బయటికి వస్తోంది, ఆపకుండా రాయండి' అని ఆవిడ చెప్పింది. అది విని మళ్లీ రాస్తే రెండు రోజుల్లో మంట తగ్గింది. ఆ ఉపశమనమే నన్ను ఇంకో నెల మోసం చేసింది. రెండోసారి ఫిర్యాదు చేసినప్పుడు నా నంబరును బ్లాక్ చేసి, గ్రూపు నుంచి తొలగించారు.

చివరికి చర్మవ్యాధుల డాక్టరు గారిని కలిశాను. నా చెంప మీద తేలిన సన్నని ఎర్రని రక్తనాళాలను అద్దంలో చూపిస్తూ, 'ఎన్నాళ్లు రాశావమ్మా?' అని అడిగారు. ఆ క్రీములో బలమైన స్టెరాయిడ్ కలిసి ఉండాలని ఆమె అభిప్రాయం. స్టెరాయిడ్ రక్తనాళాలను కుదించి చర్మాన్ని కొన్నాళ్లు తెల్లగా చూపిస్తుంది, వాపును, దురదను అణచివేస్తుంది, వాడేకొద్దీ చర్మాన్ని పలచబరుస్తుంది. ఆపగానే అణిగి ఉన్నదంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇంట్లో నేను చేసుకున్న పరీక్షలో ఏమీ తేలకపోవడానికి కారణం కూడా అదే. దద్దురును లేవనీయని మందే అందులో ఉంటే, చెవి వెనక మూడు రాత్రులు కాదు, ముప్పై రాత్రులు రాసి చూసినా ఏమీ కనబడదు.

మంగుకు డాక్టర్లు కూడా హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ కలిసిన పూతమందు రాస్తారు. అయితే అది కొద్ది వారాలకే, వాళ్ల పర్యవేక్షణలోనే. చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి రాసుకునేవారికీ ఇదే గతి పడుతోందని డాక్టరు గారు బాధపడ్డారు. హైడ్రోక్వినోన్‌ను ఏళ్ల తరబడి వాడితే, చర్మంలో నీలం కలిసిన నలుపు స్థిరపడిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఆమె నాకు మూత్ర పరీక్ష కూడా చేయించారు. పేరులేని క్రీముల్లో పాదరసం ఉండవచ్చనీ, అది చర్మం గుండా ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుందనీ చెప్పారు. కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరు తెల్లబరిచే క్రీములు వాడినవారేనని అక్కడి వైద్యులు 2023లో గుర్తించారు. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ముఖానికి రాసే క్రీములో పాదరసం కలపకూడదు. పొరపాటున చేరినా పది లక్షల వంతుల్లో ఒక వంతుకు మించకూడదు. నా పరీక్షలో తేడా ఏమీ రాలేదు. మూత్రం నురుగుగా వస్తున్నా, పొద్దున కళ్ల కింద, పాదాల దగ్గర వాపు కనిపిస్తున్నా మీరు మాత్రం ఆలస్యం చేయకండి.

ఇప్పటికే ఇలాంటి క్రీము వాడుతున్నవారు మంట రాగానే మళ్లీ అదే రాయకండి. డబ్బాను పారేయకుండా మూతపెట్టి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, ఎందుకంటే దాన్ని ఎలా మాన్పించాలో వాళ్లే నిర్ణయించాలి. డబ్బు పంపిన రశీదు, వాట్సాప్ సందేశాల స్క్రీన్‌షాట్లు కూడా దాచుకోండి. నేను అన్నీ చెరిపేసుకున్నాను, ఫిర్యాదు చేయడానికి వెళ్లినప్పుడు అదే పెద్ద అడ్డంకి అయింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. మందు కలిపిన క్రీమని అనుమానం ఉంటే మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరు కార్యాలయంలో డబ్బాతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి.

నాకు ఇది చికిత్సలో ఐదో నెల. ఎరుపు చాలావరకు తగ్గింది. మంగు ఇంకా ఉంది. సన్‌స్క్రీన్ తప్పనిసరి, ఎండలోకి వెళ్తే చున్నీ కప్పుకుంటున్నాను. మా తోడికోడలి కూతురిని కూడా అదే డాక్టరు గారికి చూపిస్తున్నాము. ఆ డబ్బా మా ఇంట్లోకి నా మాట మీద వచ్చింది కాబట్టి, ప్రతిసారీ ఆ పిల్లతో నేనే వెళ్తున్నాను.