పుట్టినరోజు తిథికా, తేదీకా: ఏది మేలు?

తద్దినం తిథికే పెడతాం. శ్రీరామనవమి, కృష్ణాష్టమి తిథులే. గిడుగు రామమూర్తి గారి జయంతి మాత్రం ఆగస్టు 29, మన పిల్లల పుట్టినరోజులూ తేదీలకే. దేవుళ్లకీ పితృదేవతలకీ పంచాంగం, మిగిలినవాళ్లకి క్యాలెండర్ అన్నమాట. ఈ పంపకం ఎవరూ కూర్చుని చేసింది కాదు. స్కూలు, ఉద్యోగం, ఆధార్ కార్డు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేసిపెట్టాయి.

తేదీతో ఉన్న సుఖం, అది కదలదు. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లని పక్కనపెడితే ఎవరికీ లెక్క తప్పదు. తిథి అలా కాదు. శ్రావణ బహుళ అష్టమి 2024లో ఆగస్టు 26న వస్తే, 2025లో ఆగస్టు 16నే వచ్చేసింది. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కాబట్టి ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, అధికమాసం వచ్చిన ఏడు మళ్లీ వెనక్కి పోతుంది. ఒక్కోసారి ఒకే తిథి రెండు సూర్యోదయాలకి ఉంటుంది, ఒక్కోసారి ఒక్కదానికీ అందదు. ఇదంతా చూసి చెప్పడానికి ఇంట్లో ఒక అమ్మమ్మ అయినా ఉండాలి, గుడిలో పంతులుగారైనా ఉండాలి. నీ స్నేహితుడికి నీ తిథి గుర్తుండాలని ఆశపడటం అత్యాశే.

అయితే తేదీ నిజమైనదై ఉండాలి కదా! మన నాన్నల తరంలో చాలామందికి జూలై 1 పుట్టినరోజు. బడిలో వేయడానికి తీసుకెళ్తే, హెడ్మాస్టరు గారు పిల్లాణ్ని ఎగాదిగా చూసి, వయసు సరిపోయేలా రాసేసిన తేదీ అది. కాగితాల్లో అదే నిలిచిపోయింది, జూన్ 30న రిటైర్మెంటూ దాని లెక్కనే జరిగిపోయింది. ఇప్పటికీ ఆ రోజు పొద్దున్నే బ్యాంకు నుంచి శుభాకాంక్షల మెసేజ్ వస్తుంది. వాళ్లమ్మ మాత్రం "వీడు కార్తీకంలో నాగుల చవితి నాడు, పుట్టలో పాలు పోసి వచ్చాక పుట్టాడు" అని చెప్పేది. ఏది సరైనదో వేరే చెప్పాలా? ఇలాంటివాళ్ల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. జూలై 1 ఆఫీసుకి వదిలేసి, ఆ చవితి నాడే వాళ్లకి కొత్త బట్టలు పెట్టండి.

ఇక పుట్టినరోజు ఎందుకు చేసుకుంటాం అనేదాన్ని బట్టి కూడా తూకం మారుతుంది. సంప్రదాయంగా చేసేవాళ్ల ఇళ్లలో నువ్వుల నూనెతో తలంటి, దీపం పెట్టి, అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అని ఏడుగురు చిరంజీవులనూ తలుచుకుంటారు, ఎనిమిదో పేరుగా మార్కండేయుణ్ని చేరుస్తారు. ఆ తర్వాత పాలలో కాసిన్ని నువ్వులూ బెల్లమూ కలిపి తాగిస్తారు. అందులో కోరేదంతా ఆయుష్షు. ఏడాది గడిచింది, ఇంకో ఏడాది ఇవ్వమని అడగడం. కేకు రోజు సంగతి వేరు. అది నలుగురూ వచ్చి మనల్ని తలుచుకునే రోజు, దానికి జనం కావాలి. (కొవ్వొత్తి ఆర్పడం అశుభమని ఏటా వాట్సాప్‌లో తిరిగే ఉపన్యాసం నాకు పట్టదు. ఆ పిల్లాడికి ఊదడమే సరదా, ఊదనివ్వండి.)

అందుకే చిన్నపిల్లలకైతే తేదీయే మేలంటాను. క్లాసులో చాక్లెట్లు పంచేది ఆ రోజే, టీచరు చప్పట్లు కొట్టించేదీ ఆ రోజే. వాడికి శుద్ధ త్రయోదశి అని చెప్పి పరీక్షల మధ్యలో పండగ చేస్తే ఎవరికి ఆనందం? తిథి నాడు తలంటి, పరవాన్నం వండి, గుడిలో గోత్రనామాలతో అర్చన చేయిస్తే చాలు, పైసా ఖర్చు పెరగదు. పంతొమ్మిదో ఏటా, ముప్పై ఎనిమిదో ఏటా తిథీ తేదీ ఒక రోజు అటూ ఇటూగా మళ్లీ కలుస్తాయి, ఆ ఏడాది రెండు పూటల హడావిడీ ఒక్కసారే తీరిపోతుంది.

నక్షత్రం ప్రకారం చేసుకునే పద్ధతీ ఉంది. తమిళులూ మలయాళీలూ ఎక్కువగా దాన్నే పాటిస్తారు. జాతకం చేతిలో ఉంటే అదీ మంచిదే.

షష్టిపూర్తి దగ్గర మాత్రం తేదీకి ఓటేయలేను. అరవై ఏళ్లకి పుట్టిన సంవత్సరం పేరు తిరిగి రావడమే దాని అసలు సంగతి. 1966 ఉగాది తర్వాత పరాభవలో పుట్టినవాళ్లకి 2026 ఉగాదితో మళ్లీ పరాభవ వచ్చింది. అమెరికాలో ఉన్న పిల్లలకి సెలవు దొరికిన శనివారం భోజనాలు పెట్టుకోండి, ఎవరూ కాదనరు. కార్యక్రమానికి మాత్రం పంచాంగం చూపించండి. ముఖ్యంగా జ్యేష్ఠంలో పుట్టినవాళ్లు. ఈసారి అధిక జ్యేష్ఠం ఉంది, పుట్టినరోజు నిజ జ్యేష్ఠంలో చేసుకోవాలి. హాలు బుక్ చేసే ముందే పంతులుగారిని అడిగేస్తే టెన్షన్ ఉండదు.