కొండ అడవిలో మట్టి తేమ: ఆరబెట్టి తూచడమా, సెన్సారు పాతడమా?

ఆరబెట్టి తూచే పద్ధతి పాతదే అయినా నమ్మదగినది. తడి మట్టిని తూచి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఓవెన్‌లో ఉంచి మళ్లీ తూస్తే, తగ్గిన బరువే నీరు. కానీ తవ్విన చోట మళ్లీ కొలవలేం.

సెన్సారు అక్కడే ఉండి, వాన కురిసిన గంట నుంచి నేల ఎండే వారం దాకా తేమను నమోదు చేస్తుంది. నీటి పరావైద్యుత స్థిరాంకం (విద్యుత్ క్షేత్రంలో పదార్థం ఎంత శక్తిని నిల్వ చేయగలదో చెప్పే అంకె) సుమారు 80, పొడి మట్టిది 3 నుంచి 5. ఆ తేడాతోనే లెక్క కడుతుంది. అయితే కొండ అడవి నేల పొలం మట్టి కాదు: పైన కుళ్లిన ఆకులు, కింద రాళ్లు, వాటి నడుమ వేళ్లు. సెన్సారు పక్కన గాలి సందు మిగిలితే అంకె తగ్గిపోతుంది.

పైగా ఆరోగ్యకరమైన తేమ అంటే ఒకే అంకె కాదు. ఘనపరిమాణంలో 20 శాతం నీరు ఇసుక నేలలో చెట్టుకు పుష్కలం. బంకమట్టి నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి, అక్కడ అదే 20 శాతంతో మొక్క వాడిపోవచ్చు.

ఏడాది పొడవునా గమనించాలంటే నా ఓటు సెన్సారుకే. కాకపోతే ఆ వాలు మీది మట్టినే ఆరబెట్టి తూచి, సెన్సారు అంకెలను ముందుగా సరిచూసుకోవాలి.