నెల్లిమర్ల వైపు కల్లు పాకలు: ఏ వేళకి వెళ్లాలి, ఏ కుండ అడగాలి

తాటికల్లు తాగాలంటే ఎండాకాలంలో, పొద్దున్న తొమ్మిదిలోపు, చెట్టు కిందే తాగాలి. విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల, గుర్ల, డెంకాడ వైపు ఏ పాకకి వెళ్లినా ఈ మూడూ కుదిరితే నూటికి తొంభై మార్కులు వేయొచ్చు. ఏ ఒక్కటి తప్పినా సగానికి పడిపోతుంది. చెట్టు గీసేవాడు మారితే రుచి మారిపోతుంది కాబట్టి ఫలానా పాకే మంచిదని ఇక్కడ పేరు పెట్టడం లేదు. ఏ పాక ముందు నిలబడినా పనికొచ్చే సంగతులే చెబుతాం.

విజయనగరం, నెల్లిమర్ల, బొబ్బిలిలో జూట్‌మిల్లులు మూడు షిఫ్టులూ తిరిగినప్పుడు గేటు బయట సారాకొట్టు ఒకటి, ఊరవతల కల్లుపాక ఒకటి ఉండేవి. రాత్రంతా నార దుమ్ము మింగి సి షిఫ్టు దిగినవాడికి గొంతు తడవాలి, కాసేపు నడుం వాల్చాలి. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమయ్యాక కొట్లు మూతపడ్డాయి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం అది. జీతం రోజున కూలి డబ్బు ఇల్లు చేరక ముందే కొట్టులో అయిపోయిన కుటుంబాలకి ఆ మూత మేలే చేసింది, దానికి బాధపడాల్సిన పని లేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. తర్వాత వైన్ షాపులు, పక్కనే అక్కడికక్కడే తాగే పర్మిట్ రూములు. 2019 అక్టోబరులో షాపులు ప్రభుత్వమే తీసుకుని పర్మిట్ రూములు తీసేసింది. 2024 అక్టోబరులో షాపులు మళ్లీ ప్రైవేటు చేతికొచ్చాయి, 2025లో పర్మిట్ రూములకీ మళ్లీ అనుమతి ఇచ్చారు. ఇన్ని మార్పుల్లో పోయినవాటిలో బల్ల ఒకటి. నలుగురు కూర్చుని బోనస్ గురించి, లాకౌట్ గురించి, కూతురి పెళ్లి గురించి మాట్లాడుకునే బల్ల. ఇప్పుడు ఆ పని కొంతైనా చేస్తున్నది కల్లుపాకే. అందుకే దీని మంచిచెడ్డలు ఇంత వివరంగా చెప్పాల్సి వస్తోంది.

పాకలో కూర్చునే ముందు తోపు చూడండి. ఎన్ని చెట్లకి కుండలు వేలాడుతున్నాయో లెక్కపెట్టండి. తాటిచెట్టు రోజుకి రెండు మూడు లీటర్లిస్తుంది, మంచి చెట్టయితే ఇంకాస్త ఎక్కువ. పది కుండలున్న తోపు దగ్గర డ్రమ్ముల కొద్దీ కల్లు అమ్ముతున్నారంటే అది చెట్టు నుంచి దిగింది కాదు. ఇంతకన్నా సులువైన పరీక్ష ఇంకోటి లేదు.

కల్లు చెట్టు లోంచి ఊరికే కారదు. పోతుతాడికి (మగచెట్టుకి) పూగెలల్ని, పెంటితాడికి (ఆడచెట్టుకి) లేతగెలల్ని కొన్నాళ్లు మెల్లగా నొక్కి, తట్టి, కొస పల్చగా చెక్కితేనే ఊట మొదలవుతుంది. ఆ కొసని రోజుకి రెండుసార్లు కొత్తగా గీయాలి. ఒక పూట మానేస్తే కోత ఎండి ఊట తగ్గిపోతుంది. అంటే ఒక్కో చెట్టూ పొద్దునా సాయంత్రమూ ఎక్కి దిగాల్సిందే, మోకు ఒక్కటే ఆధారం. కల్లుగీత వృత్తిగా ఉన్న యాత, శ్రీశయన కుటుంబాల్లో ఈ పని చేసేవాళ్ల వయసు చూడండి, కుర్రాళ్లు తక్కువ. పడితే నడుం పోయే పని, కాలమంతా దొరకని పని. దానికి తోడు తాటిచెట్టు పూతకి రావడానికే పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది, పోతో పెంటో తెలిసేది అప్పుడే. లేఅవుట్ కోసం, ఇటుక బట్టీ కోసం ఒక్కరోజులో కొట్టేసిన తోపు ఒక తరం దాకా తిరిగి రాదు. ధర గురించి బేరమాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక రుచి. రాత్రి ఊరి తెల్లవారి దిగిన కల్లు తియ్యగా, పల్చగా, కాస్త పొగవాసనతో ఉంటుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియకుండా నిలుస్తుంది, అది నీరా. సున్నం లేని కుండలో గాలిలోని ఈస్టు, కుండకి అంటిన పాత మడ్డి కలిసి గంటల్లోనే పులియబెడతాయి. మధ్యాహ్నానికి నాలుగైదు శాతం ఆల్కహాలు చేరుతుంది, దాదాపు బీరంత. కాబట్టి బండి మీద వచ్చినవాళ్లు బండి అక్కడే వదలాలి. సాయంత్రానికి చక్కెర అయిపోయి వెనిగర్ పులుపు వస్తుంది. పుల్లకల్లే ఇష్టపడే పెద్దవాళ్లున్నారు, కానీ కొత్తవాళ్లకి కడుపులో మంట తప్పదు.

ఇక్కడే మోసం పట్టుకోవచ్చు. పొద్దున్న దిగిన కల్లు సాయంత్రం నాలుగింటికి కూడా అంతే తియ్యగా ఉందంటే శాకరిన్ అనే కృత్రిమ తీపి కలిసిందేమో అనుమానించాలి, ఎందుకంటే ఈస్టు అప్పటికి చక్కెర పెద్దగా మిగల్చదు. పొద్దునా మాపూ ఒకే రుచి, వాన పడిన మర్నాడూ అదే చిక్కదనం ఉంటే అనుమానించండి. రెండు గ్లాసులకే నాలుక మందమై, కళ్లు మూతలు పడితే అది మందు కల్లు. క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలమ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగినవాడు ఒకరోజు మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. అలాంటివాణ్ణి ఇంట్లో కట్టేసి కూర్చోకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

చలికాలంలో ఈతకల్లు వస్తుంది. తాటికల్లు కన్నా తేలిక, ఇంకా తియ్యన. అయితే ఈతచెట్టు కోత బయటికే ఉంటుంది కాబట్టి గబ్బిలాలు నాకుతాయి. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈతరసం వల్ల నిపా అనే ప్రాణాంతక వైరస్ చాలాసార్లు మనుషులకి పాకింది. కుండ మీద, కోత మీద తడకో వలో కప్పారా అని అడగండి. కప్పని చోట తాగకండి. పార్వతీపురం ఏజెన్సీ వైపు దొరికే జీలుగు కల్లు వేరే లోకం, దాన్ని దీంతో పోల్చకూడదు.

నంజుకోవడానికి చాలా పాకల్లో ఉడికించిన శనగలు, గుడ్లు, నెత్తళ్ల వేపుడు దొరుకుతాయి. నెత్తళ్లు బాగా వేగి, తుంచితే విరగాలి. మెత్తగా ఉంటే పొద్దుటివి. కారం మరీ ఎక్కువగా వేసిన చోట కల్లు రుచి తెలియదు, ఆ సంగతి అమ్మేవాళ్లకీ తెలుసు. ప్లాస్టిక్ గ్లాసు ఇస్తే వద్దని తాటాకు దొప్ప అడగండి, లేదంటే ఇంటి నుంచి స్టీలు గ్లాసు తెచ్చుకోండి.

ఇంటికి తీసుకెళ్లాలంటే సీసా ముప్పాతికే నింపి, మూత వదులుగా పెట్టాలి. బిగిస్తే లోపల గ్యాసు పేరుకుని దారిలోనే సీసా పగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా పులియడం నెమ్మదిస్తుంది గానీ ఆగదు, ఆ పూటే తాగెయ్యాలి. ఎండాకాలం ఆదివారాల్లో పొద్దున్న ఏడున్నరకే కుండలు ఖాళీ అయిపోతాయి. ముందురోజు సాయంత్రం గీతకి వచ్చినప్పుడే చెట్టు గీసే ఆయనకి చెప్పి ఉంచుకుంటే మీ కుండ పక్కన పెడతారు.