నీలగిరి తైలం: ఆవిరి పట్టాలా, డిఫ్యూజర్‌లో వెయ్యాలా, ఒంటికి రాయాలా?

డిసెంబరు వచ్చిందంటే మా మద్దిలపాలెం ఫ్లాట్లో ముగ్గురికి మూడు రకాల జలుబు. అత్తయ్యకు ముక్కు పట్టేస్తుంది, నాకు తల బరువు, నాలుగేళ్ల బాబుకి రాత్రంతా దగ్గు. అప్పుడు పూర్ణా మార్కెట్‌లో కొన్న నీలగిరి తైలం సీసా బయటికొస్తుంది. మన ఊళ్లలో జామాయిల్ అంటామే, ఆ జాతి చెట్ల ఆకుల్లోంచే ఇది తీస్తారు. సీసా ఒక్కటే అయినా దాన్ని ఎలా వాడాలన్న దగ్గర మా ఇంట్లో తలో మాట.

అత్తయ్య ఓటు ఆవిరికి. "రెండు చుక్కలెయ్యమ్మా, ఛాతీ తేలికవుతుంది" అంటారు. పోయినేడు నేను రెండు చుక్కలేం చాలతాయని ఐదారు వేశాను. నూనె నీళ్లలో కలవదు కదా, పైనే తేలుతుంది. నీళ్లు పొగలు కక్కుతున్నాయేమో, దుప్పటి కప్పుకోగానే ఆ ఘాటంతా ఒక్కసారి ముఖానికి కొట్టింది. పావుగంట కుళాయి కింద కళ్లు కడుక్కుంటూ నిలబడ్డాను. అప్పట్నుంచి నేను వట్టి నీళ్ల ఆవిరే పడుతున్నాను. ముక్కులోకి తడి వెళ్లడానికి అది చాలు. పిల్లలకైతే ఆవిరి గిన్నే వద్దు. అది ఒలికి ఒళ్లు కాలితే జలుబు కంటే పెద్ద బాధ.

మా ఆయన డిఫ్యూజర్ కొన్నారు, అంటే నీళ్లలో తైలం చుక్కలు వేస్తే సన్నటి తుంపరగా గదిలోకి వదిలే చిన్న యంత్రం. చూడ్డానికి బావుంటుంది, గది ఘుమఘుమలాడుతుంది. కానీ ఒంటికి రాసుకుంటే రాసుకున్నవాళ్లకే. డిఫ్యూజర్ పెడితే గదిలో ఉన్న అందరూ పీల్చాల్సిందే, ఉబ్బసం ఉన్న మనిషైనా, పసిబిడ్డైనా, పెంపుడు పిల్లి అయినా. పిల్లుల కాలేయం ఈ నూనెల్లోని చాలా పదార్థాలను సరిగా విడగొట్టలేకపోతుంది. ఏసీ వేసి తలుపులన్నీ బిగించి రాత్రంతా నడిపితే మరీ ప్రమాదం. అసలు వైజాగ్ గాలిలో తడికి కొదవేంటని నాకు నవ్వొస్తుంది! అయినా కావాలంటే తలుపు ఓరగా తీసి, మూడు నాలుగు చుక్కలతో అరగంట నడిపి ఆపేస్తాం. మిగిలిన నీళ్లు పారబోసి గిన్నె తుడిచి పెట్టాలి.

ఇక ఒంటికి రాయడం. పెద్దవాళ్లకు నా ఓటు దీనికే, ఎందుకంటే ఎంత వాడుతున్నామో మన చేతిలో ఉంటుంది. ఒక టీస్పూన్ కొబ్బరినూనె అంటే 5 మిల్లీలీటర్లు. అందులో ఒక్క చుక్క వేస్తే దాదాపు ఒక శాతం అవుతుంది. అత్తయ్య వీపుకి, ఛాతీకి అదే రాస్తాను. తైలం కలపకుండా నేరుగా రాస్తే చర్మం మండుతుంది, ఎలర్జీ కూడా రావచ్చు. మొదటిసారైతే మోచేతి మడతలో కాస్త రాసి ఒకరోజు ఆగి చూడండి. గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు.

బాబుకి మాత్రం మూడింట్లో ఏదీ లేదు. ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు, దగ్గుకి అర చెంచా తేనె, అంతే. ఏడాది దాటని పిల్లలకు తేనె కూడా పెట్టకూడదు. పసిపిల్లల మెడలో కర్పూరం మూట కట్టడం ఇంకా చూస్తుంటాను. వాళ్లు అది నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ రావచ్చు. ముక్కు దగ్గర పుదీనా తైలం, మెంథాల్ బామ్ రాసినా పసివాళ్లకు ఊపిరి ఇబ్బంది అవుతుంది.

ఓ షాపులో నాతో "వేడినీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగండి, న్యాచురలే కదా" అన్నారు. న్యాచురల్ అయితే ఏంటి, ఉమ్మెత్తకాయా న్యాచురలే! ఈ తైలం ఒక టీస్పూన్ లోపే మింగినా చిన్నపిల్లలకు స్పృహ తప్పొచ్చు, ఫిట్స్ రావచ్చు.

ఆ సంగతి తెలిసి కూడా ఒక రాత్రి దగ్గుమందు అనుకుని ఈ సీసానే అందుకున్నాను. రెండూ గోధుమరంగు గాజువే, పక్కపక్కనే పెట్టాను. కరెంటు లేదు. బాబు నిద్రలోనే నోరు తెరిచాడు. మూత తియ్యగానే ఘాటు ముక్కుకి తగలబట్టి ఆగాను గానీ, చెంచా రెండో చేతిలో సిద్ధంగా ఉంది.

ఇప్పుడు తైలం బీరువా పై అరలో, తాళం వేసి ఉంటుంది. దేవుడి గూట్లో అసలే పెట్టను, దీపం దగ్గర అంటుకుంటుంది. ఎవరైనా మింగితే కక్కించొద్దు, కక్కిస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, ఆస్పత్రికి ఆ సీసా కూడా పట్టుకెళ్లండి.