వృద్ధాశ్రమంలో ఫినాయిలా, బ్లీచింగా? వీల్‌చైర్‌కు గాలి టైరా, గట్టి టైరా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగు ఇళ్లలో పిల్లలు విశాఖకో హైదరాబాదుకో వెళ్లిపోతే, కొందరు పెద్దవాళ్లు ఊళ్లోనే ఆశ్రమంలో ఉంటున్నారు. చూడ్డానికి వెళ్లినప్పుడు గుమ్మంలోనే ఫినాయిలు వాసన వస్తే శుభ్రంగా ఉంచుతున్నారని సంతోషిస్తాం. ఆ వాసనను నమ్మకండి.

తెల్ల ఫినాయిలు కంపును కప్పుతుంది, రోజూ గచ్చు తుడవడానికి చాలు. కానీ ఒకరికి విరేచనాలు పట్టుకుని పక్క మంచానికి పాకుతుంటే అది చాలదు. విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివి చావాలంటే క్లోరిన్ కావాలి, అది బ్లీచింగ్‌లో ఉంటుంది. తాజా బ్లీచింగ్ పౌడరు 10 లీటర్ల నీళ్లకు సుమారు 35 గ్రాములు కలిపి, మడ్డి దిగాక పైన తేటనీరు వాడాలి. ఏ రోజుది ఆ రోజే కలపాలి, నిల్వ ఉంటే పస తగ్గిపోతుంది.

అయితే బ్లీచింగ్‌తో జాగ్రత్త చాలా అవసరం. మురికి మీద నేరుగా పోస్తే క్లోరిన్ అంతా ఆ మురికికే ఖర్చయిపోతుంది. ముందు ఎత్తేసి, సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లు వేసి పది నిమిషాలు ఉంచాలి. మూత్రం మీద పోయకూడదు, అందులోని అమ్మోనియాతో కలిసి ఘాటు వాయువు వస్తుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో కలిస్తే ఇంకా ప్రమాదం, క్లోరిన్ వాయువే పుడుతుంది. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లకు ఆ కాస్త గాలే చాలు ప్రాణం మీదకు రావడానికి. కాబట్టి ఈ రెండు డబ్బాలూ వేర్వేరు చోట్ల పెట్టి, మీద ఒడియాలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాయించండి. పని చేసే ఆయమ్మలకు ఇంగ్లీషు లేబుల్ ఎందుకూ పనికిరాదు.

నా మాట: వరండాకు, గదులకు సబ్బునీళ్లో ఫినాయిలో. బాత్రూమ్‌కు, కమోడ్ కుర్చీకి, విరేచనాలైన చోటుకు బ్లీచింగ్. ఇనుప భాగాలను మాత్రం తర్వాత మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికే తుప్పు పడుతుంది, దానికి క్లోరిన్ తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

వీల్‌చైర్ సంగతికొస్తే గాలి టైరు ఎగుడుదిగుడు నేల మీద మెత్తగా పోతుంది. కానీ మామూలు వీల్‌చైర్లలో బ్రేకు టైరునే నొక్కి ఆపుతుంది. గాలి తగ్గితే ఆ పట్టు పోతుంది. బ్రేకు వేశామనుకుని ముసలాయన లేవబోతే కుర్చీ వెనక్కి జారుతుంది. తుంటి ఎముక విరిగేది ఇలాంటి చోటే. ఆశ్రమం లోపల వాడకానికి గాలి అక్కర్లేని గట్టి టైరే మేలు. గుడికో ఆసుపత్రికో బయట తిప్పాలంటే గాలి టైరుది ఒకటి ఉంచుకుని వారం వారం గాలి చూసుకుంటే సరి. ఏదైనా సరే, ముందరి చిన్న చక్రాల్లో చుట్టుకున్న వెంట్రుకలు తీయాలి. వాకర్ కాళ్లకు అరిగిన రబ్బరు తొడుగులు మార్చాలి.

మంచం పట్టినవాళ్లకు ఒంటికి పుండ్లు పడకుండా ఎయిర్ బెడ్ (గాలి పరుపు) మంచిదే, కానీ దాని పంపు కరెంటుతో నడుస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక గంజాం జిల్లాలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మందమైన ఫోమ్ పరుపు ఒకటి సిద్ధంగా ఉంచండి. దేని మీద పడుకోబెట్టినా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం మానకండి.