మూడు తరాల డీలరు దగ్గర మూడు కార్లు: మా అనుభవం

తిరుపతిలో కారు కొనేముందు షోరూం వెనక ఉండే వర్క్‌షాప్‌లోకి ఒకసారి వెళ్లి చూడండి. మా ఇంటి మూడు కార్లూ ఒకే కుటుంబం దగ్గర కొన్నాం. మాకు గురి కుదిరింది ఆ వర్క్‌షాప్‌ వల్లే.

ఆ కుటుంబంలో పెద్దాయన అంబాసిడర్, పద్మిని కార్లు బాగుచేసే షెడ్డుతో మొదలుపెట్టారు. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక మామూలు ఉద్యోగస్తులకూ కారు మీద ఆశ పుట్టింది. ఆ రోజుల్లో కొడుకు ధైర్యం చేసి ఏజెన్సీ తెచ్చారు. ఏపీ 03 నంబరుతో మా నాన్న కొన్న తొలి కారు ఆయన చేతుల మీదుగానే వచ్చింది. ఇప్పుడు మనవడు చూసుకుంటున్నారు.

పెద్దాయన పెట్టిన ఒక పద్ధతి ఇప్పటికీ పోలేదు. కొండకు పోతున్నామంటే చాలు, బ్రేకులు చూడనిదే తాళం చేతికివ్వరు. తిరుమల నుంచి దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, అన్నీ మలుపులే. దారంతా బ్రేకు తొక్కుతూ దిగితే ప్యాడ్లు విపరీతంగా వేడెక్కుతాయి. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చుకోమని వాళ్లే ఫోన్ చేస్తారు. “సెకండ్ గేర్‌లో దిగు నాయనా, ఇంజనే బండిని పట్టుకుంటుంది” అని అక్కడి పాత మేస్త్రీ నాకు నేర్పారు. మా అబ్బాయికి నేనూ అదే చెప్పాను.

మనవడి హయాంలో నచ్చనిది సేల్స్ కుర్రాళ్ల ఒత్తిడి. మూడో కారప్పుడు ఇన్సూరెన్స్ తమ దగ్గరే చేయించాలని, యాక్సెసరీస్ కూడా తీసుకోవాల్సిందేనని పట్టుబట్టారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి చేసేది) తప్పనిసరి, నిజమే. కానీ ఎక్కడ చేయించుకోవాలన్నది మన ఇష్టం. గట్టిగా అడిగితే ఓనరే వచ్చి బిల్లులోంచి తీయించారు. మొదటిసారి కారు కొనే పల్లెటూరి రైతు అలా అడగగలడా? ఆ కోపం నాకింకా తగ్గలేదు.

అయినా సర్వీసుకు మరో చోటికి పోను. 15 ఏళ్లు నిండిన మా పాత బండికి ఆర్‌సీ రెన్యువల్ చేయించేటప్పుడు, కొత్తది కొనమని ఒక్క మాట అనకుండా అన్నీ సరిచేసి ఇచ్చారు. మీరు వెళ్తే శనివారం మాత్రం వద్దు, కొండకొచ్చిన బండ్లతో ఇసకేస్తే రాలదు. బండికి చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డు మీద రాసిందంతా చదివాకే సంతకం పెట్టండి.